నమస్కరించి వ్రాయునది ఏమనగా…

మల్కాపురం, విశాఖపట్నం

ప్రియమైన పాఠక మిత్రులకు,

పోయిన ఉత్తరానికి మీ నుంచి వచ్చిన జవాబుల్లో చాలావాటి గోడు పిల్లల రాత గురించే. శ్రీహరిపురం నుంచి ఒక తల్లి రాసినది మీ అందరి తరఫునా ఇక్కడ చెప్తాను. “మాస్టారూ, మావాడు నోటితో ఎవరినైనా ఒప్పించేస్తాడు. వాళ్ల నాన్న దగ్గర క్రికెట్ బ్యాటుకి డబ్బులు రాబట్టిన తీరు చూడాలి మీరు. అదే తెలుగు పరీక్షలో వీధి శుభ్రత గురించి అధికారికి లేఖ రాయమంటే నాలుగు లైన్లు గీకి, అయిదో లైను కోసం ఫ్యాను కేసి చూస్తాడు.”

అమ్మా, ఫ్యాను కేసి చూడని పిల్లలు నాకూ తక్కువే తగిలారు. కానీ మీవాడికి ఒప్పించడం రాదని ఎవరన్నారు? ఆ బ్యాటు వాదన గుర్తు చేసుకోండి. నేనక్కడ లేను గానీ, ఆదివారం పూట మా వరండాలో చేరే పిల్లల దగ్గర ఇలాంటివి వింటూనే ఉంటాను కనుక ఊహించగలను. “నాన్నా, పాత బ్యాటు చీలిపోనాది. కొత్తది కొంటే సాయంత్రం గ్రౌండులోనే ఉంటాను, ఫోను ముట్టుకోను. దసరాకి బట్టలు ఒక జత చాలు.” ఎవరిని అడుగుతున్నాడో వాడికి తెలుసు. ఆయనకి ఫోను మీద ఎంత బెంగో తెలుసు. కావలసిందేమిటో సూటిగా చెప్పాడు, ఒప్పుకుంటే ఆయనకి కలిసొచ్చేది చెప్పాడు, తన వంతుగా వదులుకునేదీ చెప్పాడు. వకీళ్లు ఫీజు పుచ్చుకుని చేసే పని ఇంతకంటే పెద్దదేం కాదు.

అదే పిల్లవాడు పెన్ను పట్టాడంటే ఇక చూడండి. “గౌరవనీయులైన కమిషనర్ గారికి, నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా వీధి యందు చెత్త అధికముగా ఉన్నది. దీని వలన దోమలు వృద్ధి చెందుచున్నవి. కావున తమరు దయయుంచి తగు చర్యలు తీసుకొనవలసినదిగా ప్రార్థన.” ఈ కాగితం జీవీఎంసీలో ఎవరి బల్ల మీద పడినా ఆయన చేయగలిగిందేమీ లేదు. ఏ వీధి? చెత్త ఎక్కడ పడుతోంది? తగు చర్యలంటే ఏవి? డబ్బా పెట్టాలా, బండి పంపాలా, వస్తున్న బండి వేళ మార్చాలా? బ్యాటు దగ్గర అంత లెక్కగా మాట్లాడినవాడు ఇక్కడ ఒక్క వివరమూ చెప్పలేదు. వాడికి తెలియక కాదు. రాతలో అవి చెప్పకూడదేమో అనుకున్నాడు.

అలా అనుకునేలా చేసింది మనమే. చిన్న క్లాసుల్లో సెలవు చీటీతో మొదలవుతుంది ఈ శిక్షణ. జ్వరం వచ్చిన పిల్ల జ్వరం వచ్చిందని చెప్పాలి, రెండు రోజులు రాలేనని చెప్పాలి. అందులో ప్రార్థించవలసిందేముంది? అయినా ప్రార్థిస్తుంది. పెద్ద క్లాసులకొచ్చేసరికి రెండో గొంతు నేర్పుతాం. ఇది కేకల గొంతు. మన పదో తరగతి తెలుగు పేపరులో కరపత్రం రాయమనీ, నినాదాలు రాయమనీ అడుగుతారు. నిజానికి చాలా మంచి ప్రశ్నలవి. ఆ ప్రశ్న పెట్టినవాళ్ల ఉద్దేశం కూడా పిల్ల తన మాట తాను చెప్పాలనే. గైడువాళ్లు దాన్ని ఏం చేశారంటే, ప్లాస్టిక్ మీద ఒకటి, చెట్ల మీద ఒకటి, నీటి మీద ఒకటి కరపత్రాలు అచ్చేసి పెట్టారు. అన్నీ “సోదర సోదరీమణులారా! మేలుకోండి!” అనే మొదలవుతాయి. తెల్లారకముందే టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకి పోయే జనం ఉన్న పేట మాది. ఇక్కడ ఆ పిల్ల ఎవర్ని లేపుతోందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఈ రెండు గొంతులూ, వేడుకునేదీ కేకలేసేదీ, ఎవర్నీ ఒప్పించలేవు. పిల్లలకి మూడోది నేర్పాలి: నాకిది కావాలి, మీరు చేయగలరు, చేస్తే ఇదీ మేలు అని నిలబడి అడిగేది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

మొదటి సాక్ష్యం మన విశాఖే. పిల్లలు ఏ తెలుగులో రాయాలన్న పోరాటం నూరేళ్ల కిందట ఇక్కడే రాజుకుంది. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఈ ప్రాంతపు స్కూళ్లకి ఇన్‌స్పెక్టరుగా వచ్చి, క్లాసులో చదివే తెలుగుకీ బయట మాట్లాడే తెలుగుకీ ఇంత ఎడం ఎందుకుందని అడిగాడు. 1907 ప్రాంతపు మాట. మన ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరం నుంచి గురజాడ, పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నని భుజాన వేసుకున్నారు. గిడుగు అప్పటికే సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పాఠాలు రాసిన మనిషి. పిల్లకి తన మాటలోనే చదువు మొదలవ్వాలని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం పాత కావ్యభాషలోనైనా, ఇప్పటి భాషలోనైనా రాయవచ్చన్నారు. పండితులు ఊరుకుంటారా? గొడవ మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీకెక్కింది. అక్కడ మెజారిటీ పాతవైపే మొగ్గితే, 1914లో గురజాడ తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసిచ్చారు. అదీ ఒప్పించే రాతే. అవతలివాళ్ల వాదన ముందు పెట్టి, దానికి ఉదాహరణల మీద ఉదాహరణలు చూపించి జవాబు చెప్పే రాత. తమాషా ఏమిటంటే, తెలుగు పిల్లలు వాడుక తెలుగులో రాయాలన్న ఆ వాదనని ఆయన ఇంగ్లీషులో రాయవలసి వచ్చింది. చదివేది ఎవరో ఆయనకి తెలుసు మరి. గురజాడ మరుసటేడు, 1915లో పోయారు. గిడుగు 1940 దాకా ఆ పోరు వదల్లేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటాం. ఆ రోజు స్కూళ్లలో వ్యాసరచన పోటీలు పెడతాం. ఆ పోటీల్లో పిల్లలు “తెలుగు భాష ఔన్నత్యమును కొనియాడవలెను” అని రాస్తారు. ఆయన చూడకపోవడమే మంచిది.

రెండో సాక్ష్యం మీకందరికీ నోటికి వచ్చినదే. 1966లో ఈ ఊరి గోడల మీద ఒక మాట రాశారు: విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు. అప్పటి జనానికి కోపం తక్కువేం కాదు. టి. అమృతరావు గారు ఆ అక్టోబరులో నిరాహార దీక్షకి కూర్చున్నారు, నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఇంత జరుగుతున్నా జనం నోట నిలిచిన ఆ మాటలో తిట్టు లేదు, బతిమాలడం లేదు, ‘వద్దు’ లేదు. ఏం కావాలో ఉంది, ఎందుకడుగుతున్నామో ఉంది, పైగా ప్రాస ఉంది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకి ఉక్కు ప్లాంటు ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఒక్క నినాదంతో ప్లాంటు వచ్చిందని నేననను. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు, రాజీనామాలు చేసిన ప్రజాప్రతినిధులు, రోడ్డెక్కిన విద్యార్థులు అంతా కలిస్తే వచ్చింది. కానీ 2021లో ఆ ప్లాంటు వాటాల అమ్మకం మాట వచ్చినప్పుడు కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో జనం అదే మాట ఎత్తుకున్నారు. అప్పటికి యాభై అయిదేళ్లు. కేకలకి అంత ఆయుష్షు ఉండదు.

మా పిల్లలకి ఈ నినాదం చూపించి, దీన్ని ‘వద్దు’ భాషలోకి మార్చమన్నాను ఒకసారి. “ఉక్కు ఫ్యాక్టరీ వేరే రాష్ట్రానికి ఇవ్వరాదు” అని రాశారు. చదివి వాళ్లే నవ్వారు. ‘ఇచ్చట చెత్త వేయరాదు’ అన్న బోర్డులా ఉంది మాస్టారూ అన్నాడొకడు. అలాంటి బోర్డు మా వీధి మలుపులో ఒకటుంది. పేటలో పెద్ద చెత్తకుప్ప దాని కిందే.

ఇప్పుడు మా మల్కాపురం సంగతి చెప్తాను. ఇక్కడ పిల్లలకి ఒప్పించే రాత నేర్పడం ఇంకెక్కడైనా నేర్పడం కంటే కష్టం, అందుకే విలువైనది కూడా. ఈ పేట చుట్టూ ఉన్నవి మీకు తెలుసు. ఒక పక్క సింధియా. ఆ పేరే ఓడల కంపెనీది. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసిన షిప్‌యార్డు, స్వతంత్రం వచ్చిన మరుసటేడు ‘జల ఉష’ని నీళ్లలోకి దింపిన షిప్‌యార్డు అది. ఇంకో పక్క 1957లో కాల్‌టెక్స్ పేరుతో మొదలైన రిఫైనరీ. నేవీ వాళ్లున్నారు, ఎరువుల కంపెనీ ఉంది, రోడ్డంతా ట్యాంకర్లు. పిల్లల రాతల్లోకి ఇవన్నీ వస్తాయి. వాసన వస్తుంది, దుమ్ము వస్తుంది, లారీ హారన్ వస్తుంది.

ఒక ఎనిమిదో తరగతి పిల్ల కోపంగా రాసింది, ఈ కంపెనీలన్నీ మూసెయ్యాలని. చదివి కూర్చుంది. వెనకనుంచి ఒక పిల్లాడు, “మూసేస్తే మా నాన్న ఎక్కడికెల్తాడే?” అన్నాడు. వాళ్ల నాన్న కాంట్రాక్టు లేబరు. ఆ పిల్ల వాళ్ల మావయ్య కూడా అక్కడే పనిచేస్తాడని తర్వాత తెలిసింది. వరండా కాసేపు గోలగోల. నేను కల్పించుకోలేదు. ఇలాంటి తగువు పాఠ్యపుస్తకంలో దొరకదు. మనకి ఇబ్బంది కలిగించేవాడూ మన ఇంటికి అన్నం తెచ్చేవాడూ ఒక చోటే ఉన్నప్పుడు ఎలా అడగాలి? శత్రువుకి రాయడం సులువు, నాలుగు తిట్లు చాలు. రేపు సంతలో ఎదురయ్యే మనిషికి రాయడానికే తెలివి కావాలి.

గోల తగ్గాక అడిగాను: సరే, మూసెయ్యడం సంగతి తర్వాత, ఇప్పుడు నీకు భయం వేసేది దేనికి? ఆ పిల్ల కాసేపాగి, “సైరన్ మోగితే ఎటు పరిగెట్టాలో తెలీదు” అంది. ఇదీ అసలు సంగతి. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో పెద్ద మంటలు లేచినప్పుడు వేలమంది ఇళ్లు వదిలి పోయిన సంగతి ఈ పేటలో ప్రతి ముసలమ్మా చెప్తుంది. పిల్లలు వాళ్ల ఒళ్లో కూర్చుని విన్నవాళ్లే. విన్నారు గానీ, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

ఇది ఎవరికి రాయాలి? కలెక్టరుకా, కంపెనీకా, ముఖ్యమంత్రికా? వాదన చాలాసేపు నడిచింది. చివరికి, మూసేస్తే మా నాన్న ఎక్కడికెల్తాడన్న పిల్లాడే చెప్పాడు, ఫైర్ స్టేషన్‌కి రాద్దామని. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్‌లో మందుగుండు ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, వాళ్ల జ్ఞాపకంగా. ఆ వారం సిబ్బంది స్కూళ్లకి వెళ్లి చెప్తారని వాడు ఎక్కడో చదివాడు. వాడి ఆలోచన నాకు తెగ నచ్చింది. అవతలివాళ్లు ఎలాగూ చేస్తున్న పనిని మన గుమ్మం దాకా తెమ్మని అడగడం! కాదనడానికి వాళ్ల దగ్గర కారణమే ఉండదు.

వాళ్లు రాసింది ఇంచుమించు ఇలా ఉంది. “సార్, మా స్కూలు రిఫైనరీకి దగ్గర. సైరన్ మోగితే ఏం చెయ్యాలో మాకు తెలీదు, మా ఇళ్లలో కూడా చాలామందికి తెలీదు. ఏప్రిల్‌లో మీరు ఎలాగూ స్కూళ్లకి వస్తారు, ఈసారి మా స్కూలుకి రండి. ఒక గంట చాలు. గాలి ఎటు వీస్తోందో ఎలా చూడాలి, ఎటు వెళ్లాలి, ముసలివాళ్లని ఎలా తీసుకెళ్లాలి, ఇవి నేర్పండి. మేం నేర్చుకున్నది ఆ ఆదివారమే మా వీధుల్లో ఇంటింటికీ వెళ్లి చెప్తాం.” ఎవర్నీ తిట్టలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. చివరి వాక్యం చూడండి, అది నేను చెప్పింది కాదు. ఆ మూసెయ్యాలన్న పిల్లదే.

ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చారు. గంట అనుకున్నది పూటంతా పట్టింది. పిల్లలకి గాలి దిశ కంటే మంటలార్పే సిలిండరు మీదే మోజెక్కువైంది, అది వేరే సంగతి.

మంచిగా అడగడమంటే మెత్తగా అడగడమా అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. వాసన వస్తుంటే పూలతోట అని రాయించమంటారా అని పోయినేడు ఒకాయన నన్ను నిలదీశాడు కూడా. లేదండీ. వాసన వస్తే వాసన అనే రాయాలి, ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపో కూడా రాయాలి. కోపం ఉంటే మొదటి ప్రతిలో మొత్తం పోయించండి, ఆపకండి. రెండో ప్రతి రాసేటప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి: ఇది చదివినాయన రేపు పొద్దున్న ఏం చెయ్యాలని నీ కోరిక? దానికి జవాబు రాకపోతే ఆ కోపం ఇంకా ఉత్తరం కాలేదు.

ఆడపిల్లల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. మగపిల్లలు రాతలో అరుస్తారు, ఆడపిల్లలు ముడుచుకుపోతారు. “నాకు అంతగా తెలియదు గానీ”, “తప్పయితే క్షమించండి”, “వీలైతేనే” అంటూ మొదలుపెడతారు. విషయం వాళ్లకే ఎక్కువ తెలిసినప్పుడు కూడా! కుళాయి ఏ వేళ వస్తుందో, ఎన్ని బిందెలు పడతాయో ఇంట్లో మగపిల్లాడికి తెలీదు, ఆడపిల్లకి తెలుసు. ఆ ముందుమాటలు కొట్టేసి రెండో వాక్యం నుంచి చదవమంటాను. చదివాక వాళ్ల మొహం మీరు చూడాలి.

ఆ ముడుచుకుపోవడం పోతే ఏమవుతుందో చూపించిన జిల్లా ఒకటుంది మనకి. నెల్లూరులో 1991లో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు వయోజనులకి ఇచ్చిన వాచకాల్లో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం పెట్టారు. సారా తాగడం చెడ్డదని ఉపన్యాసం ఇచ్చే పాఠం కాదు. ఊళ్లో ఆడవాళ్లని కూడగట్టి సారా దుకాణం మూయించిన మనిషి కథ. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు అది చదివారు. ఆ తర్వాత దూబగుంట ఆడవాళ్లు నిజంగానే సారా దుకాణం మూయించారు, వాళ్ల కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని మళ్లీ పాఠమైంది. 1992కల్లా జిల్లా అంతా లేచింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చెయ్యొద్దని చెప్పే పాఠాలు ఆ ఆడవాళ్లు పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నారు. ఇలా చేశారు అని చెప్పిన పాఠం పనిచేసింది.

మరి మార్కులో? ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే తెలుగు టీచర్లు నాకు స్నేహితులే. కట్టలు కట్టలుగా అదే గైడు కరపత్రం దిద్దీ దిద్దీ విసిగిపోయిన ప్రాణాలు వాళ్లవి. మధ్యలో సొంత వీధి పేరుతో, సొంత మాటతో ఒక పేపరు వస్తే పక్కవాళ్లకి కూడా చదివి వినిపిస్తామని చెప్తారు. స్థలం, తేదీ, సంబోధన, సంతకం, చిరునామా ఉండాలి, వాటికి విడిగా మార్కులుంటాయి, వాటిని నేనూ వదలనివ్వను. లోపల గొంతు పిల్లది కావాలంటాను, అంతే.

ఇంట్లో మీరు చెయ్యవలసింది పెద్దగా ఏం లేదు. ముందు నోటితో అడగమనండి, మీరే ఆ అధికారి అనుకుని బిగుసుకుని కూర్చోండి, ఒకటి రెండుసార్లు కాదనండి కూడా. మీరు మెత్తబడిన మాట ఏదో అది రాయమనండి. రాశాక పైకి చదివించండి. నోరు తిరగని వాక్యం, ఎవరూ ఎవరితోనూ అనని వాక్యం దొరికితే వాడి చేతనే కొట్టేయించండి. శ్రీహరిపురం అమ్మా, మీవాడి చేత ఈసారి కమిషనర్ గారికి బ్యాటు అడిగినట్టే అడిగించండి. మీ చెత్తబండి ఏ వేళకి రావాలో వాడికి మీకంటే బాగా తెలుసు.

తర్వాత నిజంగా పంపించండి. ఇది చాలా ముఖ్యం. ఎవరూ చదవని ఉత్తరం రాసిన పిల్లకి ఒప్పించడం ఎందుకు నేర్చుకోవాలో తెలియదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, పిల్లని వెంటబెట్టుకుని వెళ్లండి. వీలు కాదంటే పోస్టులో వెయ్యండి, ఒక పోస్టుకార్డు చాలు. ఒక నకలు నాకు పంపండి, వచ్చే ఉత్తరంలో వాటి గురించే రాస్తాను. అక్షర దోషాలుంటే ఉండనివ్వండి, ‘పోనాది’ అని ఉంటే అలాగే ఉండనివ్వండి. మీరు దిద్దిన కాగితం మాత్రం పంపకండి, నేను కనిపెట్టేస్తాను.

ఉంటాను,
మీ మల్కాపురం మాస్టారు